ఎండ్రకాయ రక్తములోని ఆయుధములు

తిరుపతి జిల్లా తూర్పు అంచున, సూళ్లూరుపేట, తడ ప్రాంతములను ఒరసికొని పులికాట్ సరస్సు వ్యాపించియున్నది. ఉప్పునీరును మంచినీరును కలసియుండు సరస్సులలో మన దేశమున చిలక తరువాత ఇదియే పెద్దది. ఇందు అధికభాగము ఆంధ్రప్రదేశమునకును, దక్షిణపు కొస తమిళనాడునకును చెందును. తూర్పున శ్రీహరికోట దీవి సముద్రమునకును సరస్సునకును నడుమ గోడవలె నిలిచియున్నది. వానకాలమున కాళంగి, ఆరణి మొదలగు నదులు మంచినీటిని తెచ్చి ఇందు కలుపును. సముద్రపు పోటు ముఖద్వారముల గుండ ఉప్పునీటిని తెచ్చును. ఈ సరస్సును గూర్చి మాటలాడువారు సాధారణముగ చలికాలమున వచ్చు ఫ్లెమింగో పక్షులను గూర్చియు, 1971 నుండి శ్రీహరికోటలో జరుగుచున్న రాకెట్టు ప్రయోగములను గూర్చియు చెప్పుదురు. ఈ ప్రసంగమున మేము చెప్పదలచినది ఆ రెంటిని గూర్చియు కాదు. సరస్సు అడుగున బురదలో బొరియ చేసికొని బ్రతుకు ఎండ్రకాయను గూర్చి.

గోదావరి ప్రాంతమువారు మండపీత యని పిలుచు పెద్ద ఎండ్రకాయయే ఇది. దీని డెక్కలు మిక్కిలి బలమైనవి. పోట్లాటకు పేరుపడిన జీవి. పోరులో కాలో డెక్కయో ఊడిపోవుట సామాన్యము. ఊడినచోట గాయమేర్పడును. ఆ గాయము చుట్టును ఉన్నది శుభ్రమైన గాలి కాదు, బురదనీరు. అటువంటి నీరు ఒక చెంచాడు తీసికొన్నను అందు లక్షలకొలది సూక్ష్మజీవులుండును. కాలు తెగిన మనుష్యుడు ఆ బురదలో ఒక దినము నిలిచినచో గాయము చీముపట్టక మానదు. ఎండ్రకాయకు కట్టు కట్టువారు లేరు, మందు వేయువారును లేరు. అయినను పెక్కు ఎండ్రకాయలు ఆ గాయమును మాన్చుకొని, కుబుసము విడిచిన పిమ్మట క్రొత్త కాలును గూడ తెచ్చుకొనును. ఇది ఎట్లు సాధ్యమగుచున్నది? గత నలుబది సంవత్సరములలో శాస్త్రజ్ఞులు ఈ ప్రశ్నకు కనుగొన్న సమాధానము ఎండ్రకాయతో ఆగిపోవునది కాదు. మన ఆసుపత్రులలోని రోగులకును సంబంధించినది.

మొదట మన మందుల సంగతి చూతము. 1928లో లండనులో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ ఒక బూజునుండి పెన్సిలినును కనుగొనిరి. దాని వెనుకనే అటువంటి మందులు మరికొన్ని వచ్చినవి. ఈ చరిత్రలో తెలుగువారికిని ఒక స్థానము కలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనలకు అధిపతిగా నుండిన కాలముననే, అచ్చటి బెంజమిన్ డగ్గర్ అను శాస్త్రజ్ఞుడు మట్టిలోని సూక్ష్మజీవినుండి ఆరియోమైసిన్ అను మందును సాధించెను. టెట్రాసైక్లిన్ జాతి మందులలో అది మొదటిది. 1948లో అది లోకమునకు వెల్లడియయ్యెను. ఆ సంవత్సరముననే సుబ్బారావుగారు కీర్తిశేషులైరి. అంతకు పూర్వము న్యుమోనియాయు, బాలింతజ్వరమును, విషమించిన పుండును ఎన్నో ప్రాణములను బలిగొనుచుండెడివి. ఈ మందులు వచ్చిన పిమ్మట వాటి భయము చాలవరకు తగ్గినది.

కాని ఫ్లెమింగ్ 1945లో నోబెల్ బహుమానమును స్వీకరించు సందర్భముననే ఒక హెచ్చరిక చేసిరి. మందును చాలీచాలనట్లు వాడినచో, చావక మిగిలిన సూక్ష్మజీవులు దానిని తట్టుకొనుట నేర్చుకొనునని ఆ హెచ్చరిక. అది అక్షరాల నిజమైనది. సూక్ష్మజీవులు కొన్ని గంటలలోనే అనేక తరములుగా వృద్ధి పొందును. కోట్ల సంఖ్యలో నున్న వాటియందు మందునకు లొంగనిది ఒక్కటి పుట్టిన చాలును. తక్కినవి చచ్చిన చోటంతయు దానికి దక్కును. 2022లో లాన్సెట్ పత్రికలో ప్రకటింపబడిన లెక్క ప్రకారము, 2019లో ఒక్క సంవత్సరముననే ప్రపంచమందు సుమారు 12 లక్షల 70 వేలమంది మందులకు లొంగని సూక్ష్మజీవుల మూలముననే మరణించిరి. ఇంతలో క్రొత్తజాతి మందులు కనుగొనబడుట మిక్కిలి తగ్గిపోయినది. ఈ కారణముచేతనే శాస్త్రజ్ఞులు మట్టిని, బూజును విడిచి ఇతర స్థలములలోను వెదకసాగిరి. ఆ వెదకులాటలోనే సముద్రజీవులు వారి కంటబడినవి.

మన శరీరమునకు రెండు విధములైన రక్షణలు కలవు. ఒకటి పుట్టుకతో వచ్చునది. ఏ శత్రువు వచ్చినను వెంటనే ఎదుర్కొనునది. రెండవది నేర్చుకొనునది. ఒకసారి వచ్చిన రోగమును గుర్తుంచుకొని, దానికి సరిపోవు ప్రతిరక్షకములను తయారుచేయునది. మనము పిల్లలకు వేయించు టీకాలు ఈ రెండవదాని మీదనే ఆధారపడియున్నవి. ఎండ్రకాయకును రొయ్యకును ప్రతిరక్షకములు లేవు. వాటి బ్రతుకంతయు మొదటి రక్షణ మీదనే గడువవలెను. అందువలన ఆ మొదటి రక్షణ వాటియందు మిక్కిలి పదునెక్కియున్నది.

ఎండ్రకాయ రక్తము మన రక్తమువలె ఎర్రనిది కాదు. మన రక్తమున ఇనుము ప్రాణవాయువును మోసినట్లు దానియందు రాగి మోయును; అందుచేత లేతనీలపు రంగు. ఆ రక్తములో తిరుగు కణములకు కాపలాదారుల పని. వాటిలోపల చిన్నచిన్న సంచులుండును. గాయమైనచోటికి ఆ కణములు చేరి, సంచులను విప్పి, అందలి సరకును బయట పోయును. కొంత సరకు రక్తమును గడ్డకట్టించి గండిని పూడ్చును. మరికొంత సరకు లోపలికి చొరబడిన సూక్ష్మజీవులను చంపును. ఈ రెండవ సరకులో ముఖ్యమైనవి పెప్టైడులు.

పెప్టైడు అనగా నేమి? మనము తిను పప్పులోను, గ్రుడ్డులోను ఉండు మాంసకృత్తులను శ్రోతలు ఎరుగుదురు. మాంసకృత్తు అమినో ఆమ్లములను పూసలు గ్రుచ్చిన పొడవైన దండ యనుకొందము. అందు వందలకొలది పూసలుండవచ్చును. అటువంటి దండయే పొట్టిదైనచో దానిని పెప్టైడు అందురు. మధుమేహము గలవారు తీసికొను ఇన్సులిన్‌లో ఉన్న పూసలు 51. సూక్ష్మజీవులను చంపు పెప్టైడులలో అనేకము అంతకంటెను పొట్టివి. కొన్నింటియందు ఇరువదికి లోపే.

ఇంత చిన్నది ఎట్లు చంపగలదు? ఇందు రెండు గుణములు పనిచేయుచున్నవి. మొదటిది విద్యుత్తు. ఈ పెప్టైడులలో చాలవాటికి ధనవిద్యుదావేశము కలదు. బాక్టీరియా పైపొరకు ఋణావేశము ఎక్కువ. భిన్నావేశములు ఒకదాని నొకటి ఆకర్షించును గనుక పెప్టైడు వెదకుకొనుచు పోనక్కరలేదు. బాక్టీరియాయే దానిని లాగికొనును. ఎండ్రకాయ కణముల వెలుపలి ముఖమున ఋణావేశము స్వల్పము. మన కణములును అట్టివే. కనుక పెప్టైడు వాటిజోలికి అంతగా పోదు.

రెండవది సబ్బు గుణము వంటిది. సబ్బునకు నీటితో కలియు కొస ఒకటి, జిడ్డుతో కలియు కొస ఒకటి కలవు. అందుచేతనే అది జిడ్డును వదలించును. ఈ పెప్టైడులకును ఒక ప్రక్క నీటితో కలియును, రెండవ ప్రక్క క్రొవ్వుతో కలియును. బాక్టీరియా పొర క్రొవ్వు పదార్థముతో నిర్మితమైనది. పెప్టైడులు గుంపుగా ఆ పొరలో దిగబడి దానికి చిల్లులు పొడుచును. చిల్లుపడిన కుండలో నీరు నిలువనట్లు బాక్టీరియా లోపలి పదార్థములు బయటికి కారిపోవును. ఇదంతయు తరచు కొన్ని నిమిషములలోనే ముగియును. పెన్సిలిన్ వంటి మందు బాక్టీరియాలోని ఏదో ఒక పనిముట్టును పట్టుకొని ఆపును. ఆ ఒక్క పనిముట్టును మార్చుకొన్నచో బాక్టీరియా తప్పించుకొనగలదు. పొర అంతటిని మార్చుకొనుట అంత సులభము కాదు. ఈ మందులపై శాస్త్రజ్ఞులు ఆశ పెట్టుకొనుటకు కారణమిది.

ఈ విద్య మొదట సముద్రమున కనబడలేదు. 1981లో స్వీడనుకు చెందిన హాన్స్ బోమన్‌యు ఆయన సహచరులును ఒక పెద్ద చిమ్మటనుండి సెక్రోపిన్ అను పెప్టైడులను వెలికితీసిరి. 1987లో అమెరికాలో మైకేల్ జాస్లాఫ్ కప్ప చర్మములో మాగెయినిన్ అనువాటిని కనుగొనిరి. శస్త్రము చేసి శుభ్రము లేని నీటిలో వదలినను కప్పల గాయములు చీముపట్టకుండుటయే ఆయనను ఆ త్రోవకు తెచ్చినది. మరుసటి సంవత్సరమున, 1988లో, జపాను శాస్త్రజ్ఞులు గుర్రపు లాడము ఆకారముగల ఒక ప్రాచీన సముద్రజీవి రక్తకణములనుండి 17 అమినో ఆమ్లములుగల టాకిప్లెసిన్‌ను సంపాదించిరి. 1996లో ఐరోపా తీరపు ఎండ్రకాయ రక్తములోను, 1997లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞుల కృషివలన రొయ్య రక్తములోను ఇటువంటివి బయటపడినవి. రొయ్యలోని వాటికి పీనైడిన్‌లని పేరిడిరి.

మన తీరపు ప్రాణుల వంతు కొంత ఆలస్యముగ వచ్చినది. కొచ్చిన్ శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయమువారు 2011లో మండపీతయందు రెండు పెప్టైడులను వర్ణించి ప్రకటించిరి. ఒకటి క్రస్టిన్ కుటుంబమునకు చెందినది. రెండవది కొన్ని బాక్టీరియాల పైపొరలోనుండు విషపదార్థమును పట్టుకొని అణచునది. మన తెల్లరొయ్యలోను ఇట్టివానిని వారు వర్ణించిరి. ఈ ఎండ్రకాయయు ఈ తెల్లరొయ్యయు పులికాట్‌లో జాలరుల వలలకు చిక్కునవే. యానాదులు బొరియలో చేయిపెట్టి బయటికి లాగు ఎండ్రకాయ, విశ్వవిద్యాలయములలో పరీక్షింపబడుచున్న ఎండ్రకాయ, రెండును ఒక్కటియే.

ఇక హైదరాబాదునకు వత్తము. ఎఱ్ఱసముద్రమున అడుగు ఇసుకలో పడియుండు ఒక బల్లపరుపు చేప కలదు. సొరచేప దానిని పట్టుకొనబోయి నోరు తెరచి, ఆ నోటిని మూయలేక వెనుదిరుగుట యూజినీ క్లార్క్ అను ప్రసిద్ధ శాస్త్రజ్ఞురాలు చూచిరి. ఆ చేప స్రవించు విషములో పార్డాక్సిన్ అను 33 పూసల పెప్టైడు కలదు. అది బాక్టీరియాకు చిల్లులు పొడుచును. అదే విధముగ ఎర్రరక్తకణములకును పొడుచును. ఇటువంటి దానిని మందుగా నెట్లు వాడుదుము? హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రమునందు ఆర్. నాగరాజ్, ఎస్. తెన్నరసు అను శాస్త్రజ్ఞులు ఈ చిక్కునే చేపట్టిరి. పార్డాక్సిన్ మొదటి భాగమునుండి 18 పూసల చిన్న దండలను తయారుచేసి, అందలి పూసలను ఒకటి రెండు మార్చి చూచిరి. బాక్టీరియాను చంపు శక్తియు, రక్తకణములను పగులగొట్టు శక్తియు విడదీయరాని జంట కావని వారు 1996లో ప్రకటించిరి. ప్రకృతి ఇచ్చిన ఆయుధమును ఉన్నదున్నట్లు కాక, దాని పదునును సవరించి వాడవలెనను మార్గము అట్లు బలపడినది.

ఇన్ని సంవత్సరములైనను సముద్రజీవి పెప్టైడు ఒక్కటియు బాక్టీరియా రోగమునకు మందుగా ఔషధశాలలో అమ్మకమునకు రాలేదు. దీనికి కారణములను దాచక చెప్పుట న్యాయము. మొదటిది, మన కణములకు హాని. ప్రయోగశాలలో స్వల్పమనిపించు హానియే రోగి మూత్రపిండములకు పెనుభారము కావచ్చును. రెండవది, జీర్ణరసములు. ఇన్సులిన్‌ను మ్రింగిన పనిచేయనట్లే ఈ పెప్టైడులును కడుపులో ముక్కలైపోవును. మూడవది, ఖర్చు. పూస వెంట పూస గ్రుచ్చి వీటిని తయారుచేయుట పెన్సిలిన్‌ను తయారుచేసినంత చౌక కాదు. కప్ప పెప్టైడునుండి తయారైన పెక్సిగనాన్ అను పైపూత మందునకు 1999లో అమెరికా ప్రభుత్వశాఖ అనుమతి నిరాకరించినది. ఇసుక తీరములలో నివసించు ఒక సముద్రపు పురుగునుండి లభించిన అరెనిసిన్‌ను సవరించి చేసిన పెప్టైడు, మొండి బాక్టీరియాలపై చక్కగ పనిచేయుచున్నట్లు 2020లో పరిశోధకులు ప్రకటించిరి. అదియును పరిశోధనాదశలోని వస్తువే.

నాలుగవ కారణము అన్నిటికంటె ముఖ్యమైనది. పెప్టైడులకు బాక్టీరియా ఎన్నటికిని అలవాటు పడవని కొందరు మొదట తలచిరి. కాని మట్టిలోని సూక్ష్మజీవినుండి వచ్చిన కొలిస్టిన్ అను పెప్టైడు మందు సంగతి చూడుడు. తక్కిన మందులన్నియు విఫలమైనప్పుడు వైద్యులు చివరి ఆధారముగ దానిని వాడుదురు. అనేక దేశములలో దానిని పశువులకును కోళ్లకును మేతలో కలిపి పెట్టిరి. 2015లో దానికి లొంగని గుణము ఒక బాక్టీరియానుండి మరియొకదానికి సులభముగ ప్రాకుచున్నట్లు చైనాలో కనుగొనిరి. మన దేశమున 2019లో ఆహారమునకై పెంచు జంతువులకు కొలిస్టిన్ వాడుటను ప్రభుత్వము నిషేధించినది. ఎంత గొప్ప ఆయుధమైనను విచ్చలవిడిగ వాడినచో మొద్దుబారును.

ఎండ్రకాయ ఈ ఆయుధమును కోట్ల సంవత్సరములుగ వాడుచున్నది గదా, అదేల మొద్దుబారలేదని శ్రోతలు అడుగవచ్చును. దాని వాడుక వేరు. అది ఒక్క పెప్టైడునే నమ్ముకొనదు. రకరకములవానిని కలిపి విడుచును. గాయమైనచోటనే, అవసరమైనంతసేపే విడుచును. సరస్సు నీటినిండ పోయదు. మనమో, ఒక్క మందునే జలుబు మొదలు కోళ్ల మేత వరకు కుమ్మరించితిమి.

సముద్రజీవుల విద్య ఇప్పటికే ఆసుపత్రికి చేరలేదని గూడ అనుకొనరాదు. పైన చెప్పిన లాడపు ఆకారముగల జీవి మన దేశమున ఒడిశా, వంగ తీరములలో కలదు. బాక్టీరియా విషము తగిలిన వెంటనే ఈ జాతి జీవుల రక్తము గడ్డకట్టునని 1956లో అమెరికాలో ఫ్రెడరిక్ బ్యాంగ్ గమనించిరి. ఆ గుణము ఆధారముగ సూదిమందులలో అట్టి విషము కలసియున్నదో లేదో పరీక్షించు పద్ధతి ఏర్పడినది; 1977లో అమెరికాలో దానికి ప్రభుత్వపు అనుమతి లభించినది. శంఖజాతికి చెందిన ఒక సముద్రపు నత్త విషపెప్టైడునుండి రూపొందిన జికోనోటైడ్ అను మందు 2004 నుండి తీవ్రమైన నొప్పులకు వాడుకలోనున్నది. కాబట్టి త్రోవ మూసికొనిపోలేదు. అది దూరము, అంతే.

పులికాట్ తీరమున ఈ విషయమునకు మరియొక ముఖము కలదు. రొయ్యల చెరువులు మన కోస్తాయందు వేగముగ వ్యాపించిన కాలమున, 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒక తీర్పు నిచ్చెను. చిలక, పులికాట్ సరస్సులకు వేయి మీటర్ల లోపల రొయ్యల పరిశ్రమకు తావు లేదని, సంప్రదాయ పద్ధతులను మాత్రము మినహాయించి, ఆ తీర్పులో ఆదేశించిరి. 2005 చట్టముతో ఏర్పడిన తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ అనేక యాంటీబయాటిక్ మందులను చెరువులలో వాడరాదని నిషేధించినది. ఈ నియమములు రైతును వేధించుటకు కావు. చెరువులో పోసిన మందు రొయ్యలోనే నిలిచిపోదు. నీటితో కాలువకు, కాలువతో సరస్సునకు పోవును. అచ్చటి బాక్టీరియా దానికి అలవాటు పడి, ఏదో ఒకనాడు మన పిల్లవాని గాయములోనికి వచ్చి చేరవచ్చును. రొయ్యకు దాని రక్తమే మొదటి మందు. చెరువులో క్రిక్కిరియకుండ పిల్లను వదలుట, నీటిని శుభ్రముగ నుంచుట, రోగము లేని పిల్లను కొనుట, వీటివలన ఆ సహజరక్షణ చక్కగ పనిచేయును.

సరస్సు బాగోగులును ఇందులో భాగమే. ముఖద్వారములు ఇసుకతో పూడుకొనిపోయినచో సముద్రపు నీటి రాకపోకలు తగ్గును. వేసవిలో నీరు మితిమీరి ఉప్పెక్కును, కొన్నిచోట్ల ఎండిపోవును. రొయ్యయు ఎండ్రకాయయు తరిగినచో మొదట నష్టపడువారు జాలరులు. ఆ ప్రాణులలో ఇంకను ఎవరును పరిశీలింపని పెప్టైడులు గూడ వాటితోనే పోవును. ఆ నష్టము మనకు తెలియకుండగనే జరిగిపోవును.

మా మాటలు విని ఎండ్రకాయ కూర తిన్నచో రోగములు పోవునని ఎవరును భావింపరాదు. అది మంచి ఆహారమే గాని మందు కాదు. అందలి పెప్టైడులు పొయ్యిమీదనో కడుపులోనో తప్పక విరిగిపోవును. మనము నేర్చుకొనవలసినది దాని మితవ్యయము. క్రొత్త మందులు వచ్చువరకు పాతవానిని కాపాడుకొనుట మన చేతిలోనే ఉన్నది. యాంటీబయాటిక్ మందు అట్టపై నిలువుగా ఎర్రగీత యుండును. వైద్యుడు వ్రాసి ఇచ్చినగాని దానిని కొనరాదని ఆ గీతకు అర్థము. ఈ గుర్తును గూర్చి ప్రభుత్వము 2016 నుండి ప్రచారము చేయుచున్నది. జలుబునకును, వైరస్ జ్వరములకును ఈ మందులు పనిచేయవు. వైద్యుడు చెప్పినన్ని దినములు చెప్పిన మోతాదులో వాడుట, ఇంటిలో మిగిలిన మాత్రలను మరియొకరికి పెట్టకుండుట, పొరుగువారి చీటీతో మందు తెచ్చుకొనకుండుట, ఇవి ఖర్చులేని పనులు.

హైదరాబాదులోను, కొచ్చిన్‌లోను, విదేశములలోను పరిశోధకులు ఈ పెప్టైడుల పూసలను మార్చి మార్చి చూచుచునే యున్నారు. వారికి ఇంకను కొంత కాలము కావలెను. ఆ కాలమును వారికి సమకూర్చగలవారు, మందులపెట్టె తాళము చేతనున్న మన ఇంటివారే.